దేవుడు మనయందు ఆనందిస్తాడా? శుద్ధ హృదయపు ప్రేమ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ లంకల నుండి నర్సాపురం, భీమవరం వరకు గోదావరి పాయల మధ్య ఉన్న సంఘాలలో, ఇళ్లలో జరిగే కూటాలలో, వాక్యం అయ్యాక చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగినప్పుడు విశ్వాసులు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. ఆరాధనలో అందరి ఎదుట అడగడానికి మొహమాటపడి, ఒంటరిగా దొరికినప్పుడు మెల్లగా అడిగేవి కూడా వీటిలో ఉన్నాయి. ఏ శాఖకు చెందిన వారైనా బైబిలు దగ్గర పెట్టుకుని చదువుకోవచ్చు.

దేవుడు మనయందు నిజంగా ఆనందిస్తాడా, లేక మనల్ని ఓర్చుకుంటాడా?

ఆనందిస్తాడు. ఈ మాట చెప్పడానికి సంకోచించవలసిన పని లేదు, ఎందుకంటే లేఖనమే సంకోచించలేదు. జెఫన్యా గ్రంథం మొదటి అధ్యాయమంతా తీర్పు గురించే మాట్లాడుతుంది. చదువుతుంటే భయం కలుగుతుంది. అదే గ్రంథం మూడవ అధ్యాయం పదిహేడవ వచనానికి వచ్చేసరికి, దేవుడు తన ప్రజల మధ్య ఉండి వారినిబట్టి బహు ఆనందంతో సంతోషిస్తాడని ప్రవక్త ప్రకటిస్తాడు. యెషయా 62వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, పెండ్లికుమారుడు పెండ్లికూతురినిబట్టి ఎలా సంతోషిస్తాడో దేవుడు అలా సంతోషిస్తాడని అంటుంది. 149వ కీర్తనలో యెహోవా తన ప్రజలయందు ప్రీతి గలవాడని చదువుతాము.

మన ప్రాంతంలో చాలామంది విశ్వాసులు దేవుని క్షమాపణను నమ్ముతారు గాని ఆయన సంతోషాన్ని నమ్మలేరు. క్షమించాడు సరే, నన్ను చూసి ఆయన మొహం చిట్లించుకునే ఉంటాడు అన్నట్టు ప్రార్థిస్తారు. ప్రార్థన అంతా క్షమించమని వేడుకోవడంతోనే మొదలై దానితోనే ముగుస్తుంది. క్షమాపణ వేడుకోవడం తప్పు కాదు. అయితే తండ్రి దగ్గరకు వచ్చిన బిడ్డ ఎప్పటికీ గడప దాటి లోపలికి రాకపోతే, అది తండ్రికి గౌరవం కాదు.

నేను ముందు పరిశుద్ధంగా మారితేనే కదా ఆయన ఆనందించేది?

ఈ పేజీలోని ప్రశ్నలన్నిటికీ మూలం ఇదే, కనుక దీనికి కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి.

లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికి తిరిగి వస్తూ దారిలో చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. తండ్రి అతడిని దూరంగా ఉండగానే చూసి, పరుగెత్తి వెళ్లి, మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. అప్పటికి కుమారుడు ఒక్క మాట కూడా పలకలేదు, స్నానం చేయలేదు, బట్టలు మార్చుకోలేదు. సిద్ధం చేసుకున్న మాటల్లో చివరిదైన, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకోమన్న విన్నపాన్ని తండ్రి అసలు చెప్పనివ్వనే లేదు. ప్రశస్త వస్త్రం తరువాత వచ్చింది. ఆలింగనం ముందు వచ్చింది. ఈ క్రమాన్ని తిరగేసి బోధించే బోధ, ఎంత భక్తిగా వినిపించినా, సువార్త కాదు.

యేసు బాప్తిస్మం పొందినప్పుడు ఆకాశం నుండి వినిపించిన మాట చూడండి: “ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను” (మత్తయి 3:17). మత్తయి సువార్తలో ఆ సమయానికి ఆయన ఒక్క ప్రసంగమూ చేయలేదు, ఒక్క రోగినీ స్వస్థపరచలేదు. తండ్రి ఆనందం కుమారుని సేవకు బహుమానంగా రాలేదు. కుమారుడు ఆ ఆనందంలో నిలబడి సేవ మొదలుపెట్టాడు. క్రీస్తునందున్న వారిని దేవుడు ఆ ప్రియునియందే అంగీకరించాడని ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం బోధిస్తుంది. మన యోగ్యత లెక్క వేరు, ఆయన యోగ్యత లెక్క వేరు; మనం ఆయన లెక్కలో ఉన్నాము.

“విశ్వాసములేకుండ దేవునికి ఇష్టుడైయుండుట అసాధ్యము” అని హెబ్రీ 11:6 అంటుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే విశ్వాసం అంటే ఖాళీ చేతులతో ఆయన దగ్గరకు రావడం. 147వ కీర్తన కూడా ఇదే చెబుతుంది: గుర్రాల బలంలో గాని మనుష్యుల కాలిసత్తువలో గాని ఆయనకు ఆనందం లేదు; తనయందు భయభక్తులు కలిగి తన కృప కొరకు కనిపెట్టుకునే వారిలో ఆయన ఆనందిస్తాడు. కనిపెట్టుకోవడానికి బలం అక్కరలేదు. మంచం పట్టిన ముసలమ్మ కూడా అది చేయగలదు, బహుశా మనందరికంటే బాగా చేస్తుంది.

అలాగైతే ఎలా బ్రతికినా ఆయన ఆనందిస్తాడని అర్థమా?

కాదు. దేవుని పరిశుద్ధాత్మను దుఃఖపరచవద్దని ఎఫెసీ 4:30 హెచ్చరిస్తుంది. ప్రేమించని వారు మనం పాడైపోతుంటే దుఃఖపడరు. తాను ప్రేమించువానిని ప్రభువు శిక్షిస్తాడని హెబ్రీ 12 చెప్పడం కూడా అందుకే. మన పాపం ఆయన ప్రేమను తుడిచివేయలేదు గాని ఆయన హృదయాన్ని గాయపరుస్తుంది. ఆ సంగతి తెలిసిన వాడు పాపాన్ని తేలికగా తీసుకోలేడు.

శుద్ధ హృదయం అంటే ఏమిటి? తప్పు ఆలోచనే రాని హృదయమా?

అలాంటి హృదయం ఈ భూమి మీద మనకు కనబడదు. “దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము” అని 51వ కీర్తనలో అడిగిన దావీదు అప్పటికే వ్యభిచారం, నరహత్య చేసినవాడు. తన దగ్గర లేనిది తనలో కలుగజేయమని అడిగాడు. కనుక శుద్ధ హృదయం మనం కష్టపడి సంపాదించే పతకం కాదని ఆ ప్రార్థనే సాక్ష్యం చెబుతుంది.

పౌలు తిమోతికి రాస్తూ బోధ అంతటి సారాన్ని ఒక్క వాక్యంలో పెట్టాడు: “ఉపదేశసారమేదనగా, పవిత్ర హృదయమునుండియు, మంచి మనస్సాక్షినుండియు, నిష్కపటమైన విశ్వాసమునుండియు కలుగు ప్రేమయే” (1 తిమోతి 1:5). ప్రేమ ఎక్కడ నుండి వస్తోందన్నదే ఇక్కడి విషయం. పైకి ప్రేమలాగే కనబడే పనులు భయం నుండి, పేరు మీద ఆశ నుండి, తిరిగి ఏదో వస్తుందన్న లెక్క నుండి కూడా రాగలవు.

డెల్టా రైతుకు ఇది కాలువ సంగతిగా చెబితే తేలికగా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలినంత మాత్రాన శివారు ఆయకట్టుకు నీరు అందదు. మధ్యలో పూడిక పేరుకుని, తూడు మొలిచి, గుర్రపుడెక్క కమ్మేస్తే లాకుల దగ్గర నిండుగా కనబడిన నీరు చివరి పొలానికి చేరేసరికి తడి మాత్రమే మిగులుతుంది. అందుకే వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. ఆ పని చేస్తే కాలువలో కొత్తగా నీరు పుట్టదు. వచ్చే నీటికి అడ్డు పోతుంది, అంతే. దేవుని ప్రేమ పరిశుద్ధాత్మ ద్వారా మన హృదయాలలో కుమ్మరించబడిందని రోమా 5:5 చెబుతుంది. ఆ ప్రేమకు మనం ఊట కాము. మన శివారు భూములు ఎవరు? ఇంట్లో మాట పడే కోడలు, ఏళ్ల తరబడి పలకరించని తోడబుట్టినవాడు, మనకు ఏ విధంగానూ ఉపయోగపడని పొరుగువాడు. కూటంలో పొంగిపొర్లే ప్రేమ వారి దాకా వెళ్తోందా లేదా అని చూసుకుంటే హృదయం స్థితి తెలుస్తుంది. పూడిక ఏటేటా తీయవలసి వచ్చినట్టే ఈ శుద్ధి కూడా ఒక్కసారితో అయిపోయేది కాదు. ఒప్పుకోలు, క్షమించడం, వాక్యం ముందు నిజాయితీగా కూర్చోవడం జీవితాంతం ఉంటాయి.

యవ్వనస్థులకు శుద్ధ హృదయం అంటే వ్యభిచారానికి దూరంగా ఉండటమేనా?

అదీ ఉంది, అది చిన్న విషయం కాదు. ఫోనులో చూసేవి, రహస్యంగా నడిపే సంభాషణలు హృదయాన్ని మలినపరుస్తాయని వేరే చెప్పనవసరం లేదు. కానీ యవ్వనస్థుల కూటాలలో హృదయశుద్ధి అనే మాట వచ్చినప్పుడల్లా ఈ ఒక్క విషయమే మాట్లాడి ఊరుకోవడం నష్టం చేస్తోంది. మరొక మనిషిని తన అవసరం తీర్చే వస్తువుగా చూడటమే అసలు మాలిన్యం. కట్నం ఎంత వస్తుందో లెక్క వేసుకుని, ఆ అమ్మాయి కొరకు ఉపవాస ప్రార్థన చేశానని చెప్పే అబ్బాయి శరీరాన్ని కాపాడుకుని ఉండవచ్చు. అతని ప్రేమ మాత్రం శుద్ధమైనది కాదు. తప్పిపోయిన అమ్మాయికీ అబ్బాయికీ తిరిగి వచ్చే దారి ఉందని సంఘం గట్టిగా చెప్పాలి. ముఖ్యంగా అమ్మాయికి, ఎందుకంటే మన ఊళ్లలో మాటలు పడేది ఆమే.

ఎక్కువ కానుక ఇస్తే దేవుడు ఎక్కువ ఆనందిస్తాడా?

కోత పండుగ నాటి గుడిని ఒకసారి చూడండి. బల్ల ముందు వరికంకులు, కొబ్బరి గెలలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు పేర్చి ఉంటాయి. ఆరాధన అయ్యాక వేలం పాట మొదలవుతుంది. ఒక అరటి గెలకు పాట పెరిగే కొద్దీ చప్పట్లు పెరుగుతాయి. పాడుకున్నవారి పేరు మైకులో వినిపిస్తుంది. అందులో సంతోషం ఉంది, సంఘం అవసరాలూ తీరుతాయి. వేలం మానుకోవాలని నేను అనను. అయితే ఆ కుప్ప పక్కన ఒక చిన్న గుడ్డ సంచి కూడా ఉంటుంది. ఒక తల్లి ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలల పాటు దాచి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, చెరిగి తెచ్చిన పిడికెడు బియ్యం అది. ఇంట్లో బియ్యం తక్కువగా ఉన్న రోజున కూడా ఆ పిడికెడు తీసి ఉంటుంది. దానికి మైకులో పేరు ఉండదు.

కానుకపెట్టె ఎదుట కూర్చుని యేసు చూసినది ఇలాంటి కానుకనే. ధనవంతులు వేసిన వాటికంటే ఆ బీద విధవరాలు వేసిన రెండు కాసులు ఎక్కువ అని ఆయన అన్నాడు (లూకా 21). “దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును” అని పౌలు రాసినప్పుడు (2 కొరింథీ 9:7), సణుగుకొనక, బలవంతం లేక ఇవ్వాలనే మాట కూడా దానికి ముందే రాశాడు. కనుక ఇస్తే ఇంత రెట్టింపు వస్తుందని ఆశపెట్టి, ఇవ్వకపోతే శాపమని భయపెట్టి కానుక రాబట్టడం ఆ వచనానికే విరుద్ధం. అప్పు చేసి కానుక వేయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, వేయనని చెప్పడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది.

ఆరాధన, ప్రార్థన కాక రోజువారీ పనిలో ఆయన ఆనందించేది ఏదైనా ఉందా?

సామెతలు 11:1 సూటిగా చెబుతుంది: “దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.” తూకపు రాయి సరిగ్గా ఉంటే దేవుడు సంతోషిస్తాడు! కళ్లంలో ధాన్యం తూచేటప్పుడు తేమ పేరు చెప్పి న్యాయానికి మించి తరుగు తీసే వ్యాపారి, చెరువుగట్టు మీద రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) తప్పు చెప్పి రైతును ముంచే కొనుగోలుదారు, కొబ్బరికాయల లెక్కలో వందకు నాలుగు కాయలు ఎగవేసేవాడు ఆదివారం ఎంత గట్టిగా పాడినా ఆ పాట ఆయనకు ఇంపుగా ఉండదు. ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు ఇంచుమించు ఇదే అన్నాడు: మీ పాటల ధ్వని నా దగ్గరనుండి తొలగించండి, న్యాయాన్ని నీళ్లవలె పారనివ్వండి. మరోవైపు, ఎవరూ చూడని చోట సరిగ్గా తూచిన కూలివాడు ఆ క్షణంలో దేవునికి ఇష్టమైన పని చేస్తున్నాడు. నర్సాపురం చుట్టుపక్కల అరుగుల మీద కూర్చుని లేసు అల్లే స్త్రీకి న్యాయమైన కూలి ఇచ్చే యజమాని కూడా అంతే.

సంఘంలో ఒకరినొకరు సహోదరులని పిలుచుకుంటాము. పెళ్లి సంబంధం దగ్గర కులం అడగడం తప్పా?

తప్పే. దీన్ని మెత్తగా చెప్పడానికి నాకు మనసు ఒప్పదు. ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలోనిది తాగి, బయటికి వచ్చి ఏ పేట వారని అడిగితే ఆ బల్ల దగ్గర మనం చేసినది ఏమిటి? యాకోబు పత్రిక రెండవ అధ్యాయం, బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి చోటు ఇచ్చి, బీదవాడిని కాళ్ల దగ్గర కూర్చోమనడాన్నే పాపమని తీర్పు తీర్చింది. పేటకొక గుడి, కులానికొక శ్మశానం ఉన్న ఊళ్లు మన జిల్లాలలో ఇంకా ఉన్నాయి. తల్లిదండ్రుల భయం నాకు తెలుసు: బంధువులు దూరమవుతారు, చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. ఆ భయం నిజమైనదే. కానీ నిష్కపటమైన ప్రేమ (రోమా 12:9) ఖర్చు లేకుండా రాదు, ఆ ఖర్చును ఒక కుటుంబం మీద వదిలేయకుండా సంఘమంతా కలిసి మోయాలి. అలాంటి పెళ్లికి పెద్దలు ముందుగా వెళ్లి ముందు వరుసలో కూర్చుంటే చాలా మాటలు ఆగిపోతాయి.

ఇతర మతాలకు చెందిన పొరుగువారిని ప్రేమించడం వారిని సంఘంలోకి తీసుకురావడానికేనా?

వారు క్రీస్తును తెలుసుకోవాలని కోరుకోవడం మన విశ్వాసంలో భాగమే, దాన్ని దాచనక్కరలేదు. కానీ వారు రాకపోతే ప్రేమ ఆగిపోయేటట్టయితే అది మొదటినుండీ ప్రేమ కాదు, ఎర. యేసు పదిమంది కుష్ఠరోగులను శుద్ధులనుగా చేశాడు. తిరిగి వచ్చినవాడు ఒక్కడు (లూకా 17). మిగిలిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

1986 ఆగస్టులో గోదావరి వరద లంకలను ముంచెత్తినప్పుడు గాని, 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరితోటలను కూల్చివేసినప్పుడు గాని, పడవలోకి చెయ్యి అందించినవారు ఎదుటివారి మతం అడగలేదు, చెయ్యి పట్టుకున్నవారూ అడగలేదు. ఆ రోజులు చూసిన పెద్దలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వారిని అడిగితే ఈ ప్రశ్నకు నాకంటే మంచి జవాబు చెబుతారు.

సేవలో ఫలితం కనబడకపోతే దేవుడు నాయందు సంతోషించడం లేదా?

1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చి, నర్సాపురం కేంద్రంగా సేవ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలకు తొలి సంవత్సరాలలో దక్కిన ఫలం చాలా కొంచెం. భాష రాదు, ఎండ పడదు, వినేవారు తక్కువ. ఆ కొద్దిపాటి పనే తరువాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపొందింది. వెనుదిరిగి చూసే మనకు అది విత్తనంలా కనబడుతుంది గాని, వారికి ఆనాడు అలా కనబడి ఉండదు. దేవుడు వారియందు ఆనందించడానికి సంఘాల సంఖ్య పెరిగేదాకా ఆగి ఉంటాడా?

ఆయన ఆనందం నాకు ఏమాత్రం అనుభవంలోకి రావడం లేదు. నేనేం చేయాలి?

ఈ ప్రశ్న ఎక్కువగా గల్ఫు దేశాల నుండి వస్తుంది. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన తల్లులు, రాత్రి పని ముగిశాక ఫోనులో వాక్యం వింటూ రాస్తారు: నాకు ఏమీ అనిపించడం లేదు, దేవుడు నన్ను మరిచిపోయాడేమో.

అక్కా, మీ అలసటను ఆయన అవిశ్వాసంగా లెక్కపెట్టడు. ఏలీయా చచ్చిపోతే బాగుండునని అడిగిన రోజున దేవుడు అతడికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్లు పెట్టించి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19). మన హృదయం మనమీద నేరం మోపినప్పుడు దేవుడు మన హృదయం కంటే అధికుడని 1 యోహాను 3:20 చెబుతుంది. అనిపించడం, ఉండటం రెండూ ఒకటి కావు. పెద్ద ప్రార్థన చేయలేని రోజున ఒక్క కీర్తన బయటికి చదివి పడుకోండి. మీ భాషలో మాట్లాడే ఒక్క విశ్వాసి అయినా దగ్గర ఉంటే వారంలో ఒకసారి పలకరించుకోండి. ఇంటికి డబ్బు పంపే విశ్వాసిని డబ్బు కొరకే కాక, ఎలా ఉన్నావని అడగడానికి కూడా ఫోను చేయాలని ఇక్కడున్న కుటుంబాలకు నా మనవి.

జబ్బు, అప్పు, పంట నష్టం వస్తే దేవునికి నామీద ప్రీతి తగ్గినట్టా?

యేసు మార్తను, ఆమె సహోదరిని, లాజరును ప్రేమించాడని యోహాను 11:5 స్పష్టంగా రాసింది. అదే అధ్యాయంలో లాజరు జబ్బుపడి చనిపోయాడు, యేసు కన్నీళ్లు విడిచాడు. ప్రేమించబడినవారి ఇంట్లోనే ఆ చావు జరిగింది. కనుక చేను మునిగిన రైతు దగ్గరకు వెళ్లి నీ జీవితంలో ఏదో పాపం ఉందని చెప్పే వారు యోబు స్నేహితుల పని చేస్తున్నారు, వారి మీద దేవుడు కోపపడ్డాడు. ఆ ఇంటికి వెళ్లినప్పుడు వివరణలు అక్కరలేదు. కాసేపు కూర్చుని, వంట కాలేదని తెలిస్తే క్యారేజీలో అన్నం పట్టుకెళ్లండి.

పిల్లలకు ఈ సంగతి ఎలా చెప్పాలి?

తప్పు చేస్తే దేవుడు కళ్లు పోగొడతాడు అనే మాట ఇంట్లో మానేయండి. ఆ మాట విని పెరిగిన పిల్లలు పెద్దయ్యాక కూడా దేవుని ఎదుట తల ఎత్తలేరు. వారు తప్పు ఒప్పుకున్నప్పుడు మీరు ఎలా స్పందిస్తారో, దేవుడు అలాంటివాడేనని వారు నేర్చుకుంటారు.

ఈ విషయాన్ని సొంతంగా ధ్యానించాలంటే ఏ భాగాలతో మొదలుపెట్టాలి?

ముందుగా లూకా 15వ అధ్యాయం, పెద్ద కుమారుని భాగం విడిచిపెట్టకుండా చదవండి. తండ్రి ఇంట్లోనే ఉంటూ ఆ సంతోషంలోకి రాని మనిషి అతడు, చాలాకాలంగా విశ్వాసంలో ఉన్నవారికి ఆ భాగం ఎక్కువ అవసరం. తరువాత జెఫన్యా గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు ఒకేసారి కూర్చుని చదవండి, మూడే అధ్యాయాలు. ఆ పిమ్మట 51, 147 కీర్తనలు, 1 యోహాను 4వ అధ్యాయం. “ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము” అనే పంతొమ్మిదవ వచనం దగ్గరకు వచ్చినప్పుడు త్వరపడి ఇరవయ్యవ వచనానికి వెళ్లకండి. కానీ ఆ ఇరవయ్యవ వచనాన్ని, తన సహోదరుని ద్వేషిస్తూ దేవుని ప్రేమిస్తున్నానని చెప్పేవాని గురించి రాసిన దాన్ని, చదవకుండా పుస్తకం మూయకండి. ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే మంచిది. చదువు రానివారు ఇంట్లో ఉంటే వారికి వినబడేలా బయటికి చదవండి.